మూడో అంతస్తులో బల్ల

ప్రగతి నగర్ చెరువుకు రెండు వీధుల ఇవతల ఉన్న ఒక అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తు 303లో, రోజూ పొద్దున ఆరున్నరకు ఇడ్లీ కుక్కరు దిగుతుంది. రూతమ్మ ఇడ్లీలు పళ్లేల్లోకి తీస్తుంది. జోసెఫ్ మాస్టారు చట్నీ గిన్నె మూత తీస్తారు. ఆ ఇంట్లో ఆయన చేసే వంటపని అదొక్కటే కాబట్టి చాలా శ్రద్ధగా చేస్తారు.

రూతమ్మ ఏడింటికల్లా గచ్చిబౌలి వైపు బస్సెక్కాలి. ముప్పయ్యేళ్లుగా నర్సు. మాస్టారు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. బాచుపల్లిలో ఒక బడిలో తెలుగు చెప్పి రెండేళ్ల కింద రిటైరయ్యారు, అయినా ఇస్త్రీ చొక్కా తొడుక్కునే టిఫినుకు కూర్చుంటారు. వాళ్లది ఆరడుగుల టేకు బల్ల. వంటింటి వైపు చివర ఆమె, హాలు వైపు చివర ఆయన, మధ్యలో చట్నీ. పాతికేళ్లుగా అంతే.

ఆ సోమవారం మాస్టారు చెయ్యి చాపితే గిన్నె అందలేదు. జానెడు దూరంలో ఆగిపోయింది.

"గిన్నె జర ఇటు జరుపు" అన్నారాయన.

"అది ఉన్న కాడనే ఉన్నది, పెద్దగారూ" అంది రూతమ్మ.

పెద్దగారూ అన్న పిలుపు నిన్నటిది. అంతకు ముందు వరకూ 'సారూ' అనేది. పెళ్లయిన కొత్తలో వేళాకోళానికి అని, అలాగే అలవాటైపోయిన పిలుపు. మాస్టారు దాని గురించి మాట్లాడకుండా బడి సామాన్ల పెట్టెలోంచి అడుగు స్కేలు తెచ్చి బల్లను కొలిచారు. ఆరడుగుల తొమ్మిదంగుళాలు. మంగళవారం పొద్దున ఏడున్నర అడుగులు. బుధవారం రూతమ్మ చట్నీని రెండు గిన్నెల్లో పోసింది.

బల్ల పెరగడమేమిటని ఆ అపార్ట్‌మెంటులో ఎవరూ నోరు తెరవలేదు. బోరు ఎండుతుంది, లిఫ్టు ఆగుతుంది, రెండో అంతస్తు వాళ్ల పైకప్పు వర్షం లేకుండానే కారుతుంది. 303లో బల్ల పెరుగుతోంది. ఎవరి బాధలు వాళ్లవి.

ఇంతకీ ఆదివారం జరిగింది ఇది. అపార్ట్‌మెంటు కింద, రోడ్డువైపు రెండు షట్టర్లు కలిపి వాళ్ల చర్చి సంఘం కిరాయికి తీసుకుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం అక్కడ రొట్టె, ద్రాక్షరసం పంచుకుంటారు. దాన్ని వాళ్లు 'బల్ల' అంటారు, అంతే. 'రేపు బల్ల ఉంది' అంటారు. ఎవరైనా తప్పు చేస్తే 'బల్ల నుంచి ఆపారు' అంటారు. సంఘానికి సొంత బల్ల లేదు కనుక 303లో బల్లనే నలుగురు మోసుకుని కిందికి దించుతారు, మీద తెల్లగుడ్డ పరుస్తారు. మధ్యాహ్నానికల్లా అది మళ్లీ పైకి వచ్చి పప్పుచారు కింద నిలబడుతుంది. రొట్టె చేసేది రూతమ్మే, ద్రాక్షరసం కాచేదీ రూతమ్మే.

ఆ బల్ల ఆదివారం, ప్రార్థన అయిపోయి ఇక పంచాలనగా, ఎదురింటి అనసూయమ్మ కొత్తిమీర కొనుక్కొస్తూ షట్టరు ముందు కూలబడిపోయింది. ఆమెది అనంతపురం వైపు. కొడుకు సురేంద్ర, కోడలు ఇద్దరూ హైటెక్ సిటీలో పని చేస్తారు. ఆమెకు సుగరు. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది, చెయ్యి వణుకుతోంది. నర్సుకు ఇంకేం చెప్పాలి? సుగరు పడిపోయింది. చేతికందినంత దూరంలో తియ్యటిది ఒక్కటే ఉంది. రూతమ్మ బల్ల మీది పళ్లెంలోంచి చిన్న గ్లాసులు ఒక్కొక్కటే తీసి ఆమె నోట్లో పోసింది. ఏడు గ్లాసులు. కాస్త మింగగలిగాక రొట్టె ముక్క కూడా పెట్టింది. కాసేపటికి అనసూయమ్మ కళ్లు తెరిచి, "నా కొత్తిమీర యాడ?" అని అడిగింది.

బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు తప్ప ఆ రొట్టె, ఆ రసం ఇవ్వకూడదని సంఘం నియమం. సంఘ పెద్దలు నలుగురు కూర్చున్నారు. ఆ నలుగురిలో జోసెఫ్ మాస్టారు ఒకరు. దస్తూరీ బాగుంటుందని సభ్యుల రిజిస్టరు కూడా ఆయన చేతిలోనే పెట్టారు. మిగతా ముగ్గురూ పోనీలెండి అనేవాళ్లే. కానీ పెళ్లామని వదిలేశాడంటారేమోనని మాస్టారికి భయం. ఆ భయంతో ఆయనే అందరికంటే గట్టిగా పట్టుబట్టారు, ఆయనే కాగితం రాశారు, సాయంత్రం కూటంలో ఆయనే చదివారు.

"సహోదరి రూతమ్మ తన పొరపాటును సంఘము ఎదుట ఒప్పుకొనువరకు బల్లకు దూరముగా ఉండవలెను. వచ్చే బల్ల ఆదివారము నాటికి ఒప్పుకొననిచో పేరు రిజిస్టరు నుండి తీసివేయబడును."

రూతమ్మ లేచి నిలబడింది. "పొరపాటు అయిందని నేననను. ఆమె మళ్ల పడితే నేను మళ్ల పోస్త" అంది. కూర్చుంది. ఇంటికి వచ్చాక మొట్టమొదటిసారి పెద్దగారూ అని పిలిచింది.

సంఘానికి బాచుపల్లి అవతల చిన్న సమాధుల తోట ఉంది. అందులో ఈ దంపతులకు పక్కపక్కన రెండు స్థలాలు రాసిపెట్టి ఉన్నాయి. పేరు తీసేస్తే ఆ స్థలమూ పోతుంది. కాగితం రాసేటప్పుడు మాస్టారికి ఇది తట్టలేదు. మంగళవారం బల్ల కొలుస్తుంటే తట్టింది. స్కేలు పట్టుకుని అలాగే చాలాసేపు వంగి ఉండిపోయారు.

వారం తిరిగేసరికి పదకొండడుగులు దాటింది. మాస్టారి కుర్చీ టీవీని దాటి గుమ్మం వైపు పోతోంది. ఆయన ఏ సమస్య వచ్చినా తెలుగు మాస్టారు లాగే ఆలోచిస్తారు. కొత్త నోటుబుక్కు తీసి మొదటి పేజీలో 'బల్ల' అని రాసి కింద గీత గీశారు.

"రూతూ, ఒక సందేహం."

"సందేహాలుంటే సంఘంల అడగాలె."

"అది కాదు. బల్ల అనే మాటకు ఎన్ని అర్థాలున్నయో రాస్తున్న. మన బల్ల ఏ అర్థంల పెరుగుతున్నదో తెలుస్తలేదు." ఆయన గొంతు పెంచి చదివారు. బడిలో నల్లబల్ల, పిల్లల రాతబల్ల, ఏరు దాటించే బల్లకట్టు. నేల చదునుగా ఉంటే బల్లపరుపు అంటాం. గట్టిగా చెప్పాలంటే బల్ల గుద్ది చెబుతాం. లంచం పుచ్చుకునేవాడు బల్ల కింద చెయ్యి చాపుతాడు. "ఆపరేషన్ బల్ల ఉండనే ఉన్నది. ఇస్త్రీ బల్ల. ఇగ మన ఆదివారం బల్ల. ఒక్క మాటకు ఇన్ని పనులు. ఎందుల చూసినా పెరిగే గుణం లేదు."

రూతమ్మ గిన్నెలు కడుగుతూనే అంది: "కడుపుల బల్ల రాసుకున్నవా? వెనకట చలిజ్వరం ముదిరినోళ్లకు డొక్కల గట్టిగ పెరిగేది. దాన్నీ బల్లనే అంటుండె మా అవ్వ. లోపల జ్వరం తగ్గితె అదే తగ్గేది. కొలిస్తె తగ్గేది కాదు."

మాస్టారు ఆ మాట కూడా రాసుకున్నారు. తెలిసింది మాత్రం ఏమీ లేదు.

ఒక సాయంత్రం ఆయన ధైర్యం చేసి కుర్చీని ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన వేసుకున్నారు. రూతమ్మ తన పళ్లెం తీసుకుని లేచింది. "కుర్చీ జరిపితె కాదు, పెద్దగారూ" అని వంటింట్లో నిలబడే తింది. ఆయన మళ్లీ కుర్చీని ఈడ్చుకుంటూ తన చివరకు వెళ్లిపోయారు. ఆ దూరం నడుస్తుంటే ఆయనకు ఇల్లు పరాయిగా అనిపించింది.

రెండో వారం ముగియకముందే బల్ల గుమ్మం దాటింది. తలుపు తీసే ఉంచాల్సి వచ్చింది. నాలుగైదు అడుగులకోసారి కొత్త కాళ్లు వాటంతటవే దిగేవి. లిఫ్టు ఎదురుగా దిగిన కాలు మాత్రం కాస్త పొట్టిదై, బల్ల అక్కడ టకటక ఊగేది. అసోసియేషన్ ప్రెసిడెంటు యజ్ఞనారాయణ గారు వచ్చారు. భీమవరం మనిషి, రూలంటే రూలే.

"ఏవండీ మాస్టారూ, కారిడార్ అందరిదీ కదండీ. మీ బల్ల ఇలా వచ్చేస్తే ఎలాగండీ?"

"నేను రమ్మనలేదండీ. నాకే అర్థం కావట్లేదు."

"పోనీ లిఫ్టు తలుపుకి అడ్డం రాకుండా చూసుకోండి." ఆయన చేతిలో కాఫీ కప్పు వేడిగా ఉండి కాసేపు బల్ల మీద పెట్టారు. మరునాడూ పెట్టారు. మూడోనాటికి కుర్చీ కూడా తెచ్చుకున్నారు. 304లో ఉండే మహేశ్ ఇంటి నుంచే ఆఫీసు పని చేసే మనిషి, ల్యాప్‌టాప్ తెచ్చి గోడ పక్కన సర్దుకున్నాడు. వీడియో కాల్‌లో వాళ్ల మేనేజరు, వెనకాల ఏదో కదులుతోందేమిటని అడిగితే, "సాంబార్, సర్" అన్నాడు. నిజమే. రూతమ్మ తన చివర నుంచి గిన్నెను ముందుకు తోస్తుంది, మహేశ్ అందుకుని యజ్ఞనారాయణ గారికి, ఆయన మాస్టారికి. అప్పటికి సాంబారు చల్లారిపోయేది.

నాలుగో వారం బల్ల ఎదురింట్లోకి ప్రవేశించింది. వాస్తు పేరు చెప్పి 306లో వంటిల్లు గుమ్మం పక్కనే కట్టారు. ఆ పొద్దున మాస్టారు ఇస్త్రీ చొక్కాతో, నోటుబుక్కుతో, అనసూయమ్మ స్టవ్వు పక్కన తేలారు.

"దా అన్నా, కూర్చో" అంది ఆమె, ఆయన రోజూ వచ్చే మనిషే అయినట్టు. బల్ల తన వంటింటి దాకా వచ్చినందుకు ఆమెకు సంతోషంగా ఉంది. కొడుకూ కోడలూ ఎనిమిదింటికి క్యాబెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. పగలంతా మాట్లాడే దిక్కులేదు. "రూతక్కా, చిక్కుడుకాయలు పంపిస్తాండా!" అని కేకేసి గిన్నె తోసేది. అవతల నుంచి, "సూది ఏసుకున్నవా?" అని రూతమ్మ గొంతు వచ్చేది. తన మూలంగా రూతమ్మను బల్ల నుంచి ఆపారని అనసూయమ్మకు తెలియదు. రూతమ్మ చెప్పలేదు. చెప్పొద్దని కారిడార్లో అందరికీ చెప్పింది.

శనివారం వచ్చింది. మర్నాడు బల్ల ఆదివారం. రూతమ్మ డ్యూటీకి వెళ్లిపోయింది, ఒప్పుకుంటానని కానీ ఒప్పుకోనని కానీ అనకుండా. మాస్టారి జేబులో రెండో కాగితం సిద్ధంగా ఉంది. 'పేరు తీసివేయడమైనది' అని చెయ్యి తిరిగిన అక్షరాల్లో రాసిందే. నియమం ప్రకారం రాసిందే. అయినా రాసినప్పటి నుంచీ అన్నం సహించడం లేదు.

"ఆ ఇడ్లీ సల్లారిపోయింటాది. పక్కన పెట్టి ఉగ్గాని తినన్నా, వేడిగా ఉండాది." పళ్లెం నిండా బొరుగుల ఉగ్గాని పెట్టి, రెండు మిరపకాయ బజ్జీలు వేసి, ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. మాస్టారు తినసాగారు. ఆకలి ఉందని అప్పుడు తెలిసింది.

"అన్నా, నెల నుంచి ఒక మాట అడగల్లని. ఆ పొద్దు నాకేమీ తెలీలేదు. కండ్లు తెరిస్తే నోరంతా తియ్యగా ఉండాది. ఏం పోసిందన్నా అక్క?"

"ద్రాక్షరసం, అమ్మా."

"అంగట్లో కొనిందా?"

"కాదు, ఇంట్ల కాసిందే. ఆరాధన కోసం."

అనసూయమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. "అంటే దేవుని ముందర పెట్టిందా! అయ్యో, నేను ఎంత తాగినానో ఏమో. మీవోళ్లకు తక్కువ పడింటాది కదన్నా? ఎవురెవురికి లేకుండా పోయిందో!"

మాస్టారు లెక్క తెలిసిన మనిషి. గుర్తు చేసుకున్నారు. ఏడు గ్లాసులు తక్కువ. వెనక వరసలో ఏడుగురు. ఆ రోజు ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ముందు వరస వాళ్లు సగం తాగి వెనక్కి అందించారు. ఒక కోడలు తన గ్లాసు అత్తకిచ్చి మిగిలింది తను తాగింది. ఆరాధన నడిపించిన పాస్టరు అయ్యగారు ఆఖరున తీసుకున్నారు, అడుగున ఉన్న గుక్కెడు. మాస్టారు తాగిందీ సగమే. వెనక వరసలో చివరి మనిషి ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టడం ఆయన కళ్లతో చూశారు.

"లేదమ్మా" అన్నారు. "అందరికీ అందింది."

అన్నాక ఆయన చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. నెల రోజులుగా ఎవరూ ఆయన్ని ఈ ప్రశ్న అడగలేదు. ఆయనా తనను తాను అడగలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

"హమ్మయ్య" అంది అనసూయమ్మ. "అట్లయితే సరే." ఇంకో బజ్జీ వేసింది.

ఆదివారం పొద్దున బల్ల దించడానికి నలుగురు వచ్చి, మూడో అంతస్తులో లిఫ్టు దిగి, అటు చూసి ఇటు చూసి నిలబడిపోయారు. ఇరవై ఏడు అడుగులు. ఒక చివర 303 వంటింటి ముందు, ఇంకో చివర 306 వంటింట్లో. అయ్యగారు గోపన్‌పల్లిలో ఇంకో సంఘం చూసుకుని స్కూటరు మీద వచ్చేసరికి కింద షట్టర్ల దగ్గర జనం గుంపుగా ఉన్నారు.

"బల్ల కిందికి వచ్చేటట్టు లేదయ్యగారూ."

"అయితే మనమే పైకి పోదాం" అన్నారాయన.

నలభై మంది మెట్లెక్కారు. మహేశ్ ల్యాప్‌టాప్ తీసి చోటిచ్చాడు. యజ్ఞనారాయణ గారు తమ ఇంట్లోని కుర్చీలన్నీ తెచ్చి వేయించి, చెప్పులు ఒక వరసలో పెట్టించి, లోపలికి వెళ్లిపోయారు. దుప్పట్లు కలిపి కుట్టిన తెల్లగుడ్డ ఈ చివర నుంచి ఆ చివరికి పరిచారు. అయ్యగారు లిఫ్టు ఎదురుగా నిలబడ్డారు. మాస్టారు తన చివర, అనసూయమ్మ స్టవ్వు పక్కన. అనసూయమ్మ గరిటె చేత్తో పట్టుకుని వినయంగా ఓ మూల నిలబడింది. రూతమ్మ తన వంటింటి ముందు, తన చోట్లో కూర్చుంది. బల్లకు దూరంగా ఉండమని ఆమెకు చెప్పాలంటే ఆమె ఇంట్లోంచే ఆమెను లేవమనాలి. అది ఎవరి నోటా రాలేదు. అందరూ మాస్టారి వైపు చూశారు.

ప్రార్థన అయింది. "జోసెఫ్ గారూ, రిజిస్టరు మాట ఏదో చదవాలన్నారు" అన్నారు అయ్యగారు.

మాస్టారు లేచారు. కాగితం తీశారు. కళ్లజోడు పెట్టుకున్నారు. ఇరవై ఏడు అడుగుల అవతల రూతమ్మ ముఖం ఆయనకు ఆనలేదు, తెల్లచీర ఒక్కటే కనిపించింది. ఇదేనా ఆమెకు తను పెట్టిన దూరం? అరచేయి ఎత్తి బల్ల మీద కొట్టారు. ఆ దెబ్బకు చిన్న గ్లాసులన్నీ వరసగా గలగలమని, ఆ గలగల గుమ్మం దాటి, కారిడార్ దాటి, రూతమ్మ ముందు ఆగింది.

"పొరపాటు జరిగింది" అన్నారు. "చేసింది రూతమ్మ కాదు. కాగితం రాసిన నేను. ఆ రోజు ఒక ప్రాణం నిలబడ్డది. ఏడు గ్లాసులు పోయినయ్. అయినా నాకు అందింది. సగం అందింది, కానీ అందింది."

పక్కనున్న పెద్దమనిషి "మరి నియమం..." అనబోయాడు.

"నాకూ అందింది" అన్నారు అయ్యగారు.

వెనక వరస ఏడుగురిలో ఒక ముసలామె, "నాకూ అందింది బిడ్డా" అంది. పక్కనే ఉన్న కోడలు, "నాకూ" అంది. ఇంకెవరో "మాకూ" అన్నారు. ఆ మాట కుర్చీ నుంచి కుర్చీకి, 306 నుంచి 303కి, ఒకరి తర్వాత ఒకరు చెప్పుకుంటూ పోయారు. రూతమ్మ దాకా వెళ్లేసరికి ఆమె కొంగుతో ముఖం కప్పుకుని ఉంది.

"రొట్టె నేను అందిస్త, అయ్యగారూ" అన్నారు మాస్టారు.

పళ్లెం పట్టుకుని నడిచారు. లిఫ్టు దగ్గర ఊగే కాలు కింద, వంగి, చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దూర్చారు. బల్ల ఊగడం మానింది. ఇద్దరికి అందించి ఒక అడుగు వేస్తే నలుగురిని దాటినట్టుండేది. కుర్చీలు దగ్గర దగ్గరగా జరుగుతున్నాయి, మోకాళ్లు తగులుతున్నాయి, తెల్లగుడ్డ మడతలు పడుతోంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఇంకా చాలా దూరం ఉందనుకుంటూనే మాస్టారు తలెత్తితే ఎదురుగా రూతమ్మ ఉంది. ఏడ్చిన కళ్లు, నుదుటి మీద చెమట, అన్నీ కనిపించాయి.

ఆమె రొట్టె తుంచుకుంది. తినకుండా ఆయన వెనక్కి చూసింది. అక్కడ, 303 హాలులో నలభై మంది మధ్య, అనసూయమ్మ గరిటెతో నిలబడి, తను ఎప్పుడు ఇటు వచ్చిందో తెలియక చుట్టూ చూస్తోంది.

"నాకొద్దు రూతక్కా" అంది గాభరాగా. "ఈ పొద్దు సుగరు బాగానే ఉండాది."

అయ్యగారే ముందు నవ్వారు. రూతమ్మ ఏడుస్తూనే నవ్వి, రొట్టె నోట్లో పెట్టుకుంది.

కాలి కింద దూర్చిన కాగితం కోసం తర్వాత ఎవరో కారిడార్లో వెతికారు. దొరకలేదు. ఆ కాలే లేదు. యజ్ఞనారాయణ గారు మాత్రం కొంచెం దిగులుగా, "ఇహ కాఫీ ఎక్కడ పెట్టుకోవాలండీ" అని అడిగి వెళ్లారు.

సోమవారం పొద్దున ఆరున్నరకు ఇడ్లీ దిగింది. మాస్టారు చట్నీ గిన్నె మూత తీశారు. బల్ల దాదాపు ఎప్పటి బల్లే. ఒక్క జానెడు మాత్రం తగ్గకుండా ఉండిపోయింది. అక్కడ మూడో పళ్లెం ఉంది, పక్కన సూది మందు డబ్బా ఉంది, అనసూయమ్మ చెప్పులు విప్పుకుని వస్తున్న చప్పుడు గుమ్మంలో వినిపిస్తోంది. మాస్టారు స్కేలు తీయలేదు. చెయ్యి చాపారు.

రూతమ్మ గిన్నెను కొద్దిగా ఇటు తోసింది.

"అందిందా, సారూ?"

ఆయన గిన్నె అందుకున్నారు.

"అందింది" అన్నారు.